సంబంధం అమెరికా పల్లెటూరిదైతే కౌంటీ లెక్కలు ఎలా చూడాలి

సంబంధం పీలేరుదో పాకాలదో అయితే విచారణ పెద్ద పనేం కాదు, బస్టాండు దగ్గర టీ అంగట్లో అరగంట కూర్చుంటే అబ్బాయి తాత చేసిన అప్పులతో సహా బయటికొస్తాయి. మొన్న మా అక్క కూతురికి వచ్చిన సంబంధం మాత్రం ఒహాయో రాష్ట్రంలో హోమ్స్ కౌంటీ. అబ్బాయి డాక్టరు. డల్లాస్, న్యూజెర్సీ అంటే తిరుపతిలో వీధికి నలుగురు చెప్పేవాళ్ళున్నారు గానీ, ఈ హోమ్స్ పేరు మా చుట్టాల్లో ఎవరూ విన్లేదు. దాంతో నెట్‌లో వెతికే పని నా నెత్తిన పడింది.

కౌంటీ అంటే రాష్ట్రం కింద ఉండే జిల్లాలాంటిది. దేశం మొత్తం మీద 3,100కు పైగా ఉన్నాయి. జిల్లా అనగానే మన చిత్తూరును ఊహించుకోకండి, 2022లో మూడు ముక్కలు కాకముందు ఒక్క మన జిల్లాలోనే 2011 లెక్కల ప్రకారం 41 లక్షల పైచిలుకు జనం. హోమ్స్‌లో 2020 జనగణన నాటికి 44 వేలు. టెక్సస్‌లో లవింగ్ అనే కౌంటీలో అయితే 64 మందే, మన పెళ్ళిలో ఒక పంక్తికి కూడా చాలరు.

ముందుగా అమెరికా సెన్సస్ వాళ్ళ క్విక్‌ఫ్యాక్ట్స్ పేజీ తెరిచి కౌంటీ పేరు కొట్టండి, పక్కన రాష్ట్రం పేరు తప్పకుండా చూసుకోండి. మా బావ అది చూసుకోకుండా మిసిసిపీలోని హోమ్స్ కౌంటీ తెరిచి, పేదరికం అంకె చూసి, రాత్రి పదకొండింటికి అక్కకు ఫోన్ చేసి "ఈ సంబంధం వద్దే" అనేశాడు. ఫ్లోరిడాలో ఇంకో హోమ్స్ ఉంది, అది ఆయన కంట పడలేదు, నయం.

సరైన పేజీ తెరిచాక నాకూ టెన్షనే. పాతికేళ్ళు దాటినవాళ్ళలో హైస్కూల్ పూర్తి చేసినవాళ్ళ శాతం బాగా తక్కువ, ఆరోగ్య బీమా లేనివాళ్ళు ఎక్కువ. ఇంకా వివరంగా చూద్దామని డేటా డాట్ సెన్సస్ డాట్ గవ్‌కు వెళితే, కారు లేని ఇళ్ళు కూడా చాలా ఉన్నాయి. అమెరికాలో కారు లేకపోవడమేంది? ఇదేదో బాగా చితికిపోయిన ఊరనుకున్నా. ఇంట్లో ఏ భాష మాట్లాడతారనే పట్టిక తెరిచాక గానీ సంగతి అర్థం కాలేదు. అందులో ఇంగ్లీషు తర్వాత పెద్ద అంకె 'జర్మన్, తదితర పశ్చిమ జర్మానిక్ భాషలు' అన్న వరసలో ఉంది. ఆ వరసలోని వాళ్ళు ఆమిష్ జనం, అంటే పాతకాలపు పద్ధతుల్లోనే బతికే ఒక క్రైస్తవ వర్గం. కౌంటీలో దాదాపు సగం వాళ్ళే. ఇంట్లో పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ యాస మాట్లాడతారు, పిల్లల చదువు ఎనిమిదో తరగతితో ఆపేస్తారు (1972లో అక్కడి సుప్రీంకోర్టు కూడా సరేనంది), కారు కొనరు, గుర్రబ్బండి తోలతారు, ఆస్పత్రి ఖర్చు వస్తే బీమా బదులు సంఘమంతా కలిసి కడుతుంది. అంటే నన్ను భయపెట్టిన మూడు అంకెలకూ కారణం ఒక్కటే, అది పేదరికం కాదు.

తమాషా ఏమంటే ఆమిష్ అన్న మాట ఆ పట్టికల్లో ఎక్కడా కనపడదు. మన జనాభా లెక్కల్లో మతం అడుగుతారు, అక్కడ అడగరు. అందుకే ఏ అంకె వింతగా కనిపించినా భాష పట్టిక, వయసు పట్టిక పక్కన పెట్టుకుని చూడండి. కొన్ని పల్లె కౌంటీల్లో మగవాళ్ళ సంఖ్య ఊరికే ఎక్కువగా కనిపిస్తుంది, అక్కడ పెద్ద జైలేదైనా ఉందేమో చూడాలి, ఖైదీలను కూడా ఆ ఊరి జనంలోనే లెక్కేస్తారు.

మనవాళ్ళు ఎంతమందో తెలియాలంటే డీపీ05 అనే పట్టికలో 'ఏషియన్ ఇండియన్' వరస చూడాలి. ఇవి సెన్సస్ వాళ్ళు ఏటా కొన్ని ఇళ్ళలో చేసే సర్వే అంకెలు. 65 వేల లోపు జనం ఉన్న కౌంటీలకు ఈ పట్టికను ఏ ఏడాదికా ఏడాది ఇవ్వరు, ఐదేళ్ళవి కలిపి ఇస్తారు. పక్కనే ప్లస్ ఆర్ మైనస్ అని ఇంకో అంకె ఉంటుంది. 20 మంది అని రాసి పక్కన 25 అని ఉందంటే, అక్కడ మనవాళ్ళు నలభై మంది ఉండొచ్చు, ఇద్దరే ఉండొచ్చు. దాన్ని నమ్మి కిట్టీ పార్టీలు ఊహించుకోవద్దు.

ఆ తర్వాత మ్యాప్ తెరవండి. కౌంటీ కేంద్రం మిల్లర్స్‌బర్గ్ నుంచి క్లీవ్‌లాండ్ పక్కనున్న పార్మాలోని శివవిష్ణు ఆలయానికి కారులో గంట పైనే, చిత్తూరు నుంచి తిరుపతికి వచ్చేదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు దూరం. అక్క దానికే సగం కుదుటపడింది.

ఇక పట్టికలు చెప్పనివి అబ్బాయినే అడగాలి. చలికాలంలో మంచు పడితే రోడ్డు ఎన్ని గంటలకు తీస్తారు, చింతపండు ఎక్కడ దొరుకుతుంది, పిల్ల కూడా ఉద్యోగం చేయాలంటే రోజూ ఎంత దూరం పోవాలి, ఆ ఊళ్ళోనే ఉంటాడా రెండేళ్ళలో మారతాడా. ఆదివారం వీడియో కాల్‌లో మా అక్క ఇవన్నీ అడిగింది. చింతపండు విషయంలో మాత్రం పిల్లోడు కాస్త తడబడ్డాడు.