ఎదిగిన పిల్లల్ని మానసిక వైద్యానికి అడ్మిట్ చేయాల్సి వస్తే

18 నిండిన కొడుకునో కూతురినో మానసిక వైద్యం కోసం ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చినప్పుడు చాలా ఇళ్లలో మొదట జరిగేది అబద్ధమాడటం. ‘తిరుపతి వెళ్దాం పద’ అని కారెక్కించి, విజయవాడ సూర్యారావుపేటలో ఆసుపత్రి మెట్ల ముందు దింపుతారు. ఆ పూటకు పని గడుస్తుంది. తర్వాత నెలల తరబడి ఆ పిల్లవాడు మీరిచ్చే మాత్రనే కాదు, మజ్జిగను కూడా ఏదో కలిపారేమోనని చూస్తాడు. అనుమానమే జబ్బయినవాడికి మనమే రుజువు తెచ్చిచ్చినట్టు.

నిజమే చెప్పండి, కానీ కొంచెమే చెప్పండి. ‘పది రోజులుగా నిద్ర లేదు, అన్నం సయించట్లేదు. డాక్టరుకు చూపిద్దాం. ఉండమంటే కొన్నాళ్లు ఉందాం, నేనూ వస్తా.’ జబ్బు పేరెత్తక్కర్లేదు. వాడికి వినిపించే గొంతులు నిజమా కాదా అని వాదించక్కర్లేదు. ఇంట్లో ఎవరి మాట వింటాడో, అక్కో మేనమామో, వాళ్లొక్కరే మాట్లాడాలి. నలుగురూ చుట్టూ నిలబడితే అది పంచాయితీ అయిపోతుంది.

అసలు అడ్మిషన్ కావాలా?

ఎక్కువమందికి ఓపీ వైద్యం సరిపోతుంది. చచ్చిపోతానంటూ దానికి ఏర్పాట్లు కూడా చేసుకుంటున్నా, ఎదుటివాళ్ల మీద పడుతున్నా, తిండీ నీళ్లూ మానేసినా, రాత్రుళ్లు వరసగా నిద్రలేక మాట పట్టాలు తప్పినా, మందులు ఇంట్లో వేయడం కుదరకపోయినా అప్పుడు అడ్మిషన్. మార్కులు తగ్గాయనో, ఫోన్ వదలట్లేదనో, కులం కాని పిల్లను ప్రేమించాడనో అడ్మిట్ చేయమనడం వైద్యం కాదు. ఆ కారణాలకు కూడా ‘తీసుకురండి’ అనే చోటు ఉంటే అక్కడికి వెళ్లకండి.

ప్రాణభయం ఉన్నప్పుడు అడ్మిషన్ దొరికేదాకా మనిషిని ఒంటరిగా వదలొద్దు. మిర్చి, పత్తి వేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు ఆ రోజే ఊరవతలికి పంపేయండి, తాళం వేస్తే చాలదు. ఏంచేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ తెలుగులో పలుకుతుంది. చేయి దాటితే 108.

గుంటూరు జీజీహెచ్, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్‌లో సైకియాట్రీ విభాగాలున్నాయి. ప్రైవేటువి గుంటూరు, విజయవాడ రెండింటిలోనూ ఉన్నాయి. ‘ఉంచి వైద్యం చేస్తాం’ అనే బోర్డు కింద మూడు వేర్వేరు చోట్లు ఉంటాయని తెలుసుకోండి. ఆసుపత్రి వార్డు ఉధృతి తగ్గించడానికి, సాధారణంగా కొన్ని వారాలు. రిహాబిలిటేషన్ కేంద్రం తగ్గాక మళ్లీ పనిలో, చదువులో నిలబడటానికి, నెలల తరబడి. డీఅడిక్షన్ సెంటర్ మందు, గంజాయి మాన్పించడానికి. ఉధృతిలో ఉన్నవాణ్ణి తీసుకెళ్లి రెండో దాంట్లోనో మూడో దాంట్లోనో పడేయడం మేం తరచూ చూసే పొరపాటు.

చేర్చే ముందు అడగాల్సినవి: రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ చూపిస్తారా? సైకియాట్రిస్ట్ రోజూ వస్తారా, ఫోన్లోనే మందులు చెబుతారా? రాత్రి డ్యూటీలో నర్సు ఉంటారా, వాచ్‌మనేనా? ‘మూడు నెలలదాకా మీరు చూడటానికి రాకూడదు’ అంటే లేచి వచ్చేయండి.

సంతకం ఎవరిది?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పెద్దవాళ్ల అడ్మిషన్ రెండు రకాలు. మొదటిది, తనంతట తను చేరడం. సంతకం పిల్లవాడిదే, వెళ్లిపోతానంటే పంపాలి. పరిస్థితి ప్రమాదంగా ఉందనిపిస్తే పరీక్షించడానికి 24 గంటలు ఆపొచ్చు, అంతే. రెండోది, మద్దతుతో చేర్చడం. తనకో ఇతరులకో హాని చేస్తాడనో, తన్ను తాను చూసుకోలేడనో తేలితే, తన ప్రతినిధి దరఖాస్తు మీద చేరుస్తారు. ఒక సైకియాట్రిస్టూ, ఇంకో మానసిక ఆరోగ్య నిపుణుడో డాక్టరో విడివిడిగా పరీక్షించాలి. గడువు 30 రోజులు. ఆలోపు తేరుకుంటే మొదటి రకంలోకి మారుస్తారు. ఆ మార్పు అడిగి చేయించుకోండి, ‘నా ఇష్టంతోనే ఉన్నాను’ అన్న భావం వైద్యానికి చాలా పనికొస్తుంది.

ప్రతినిధి ఎవరో రోగే తెల్లకాగితం మీద రాసి సంతకం చేయొచ్చు. రాయకపోతే సాధారణంగా దగ్గరి బంధువే. నాన్నతో గొడవే జబ్బుకు ముడిపడి ఉంటే, బాగున్న రోజుల్లోనే అమ్మ పేరో అన్న పేరో రాయించి పెట్టుకోండి.

గొలుసులతో కట్టడం, ఒంటరి గదిలో బంధించడం, బలవంతంగా గుండు గీయడం, జీతం లేకుండా పని చేయించడం, మత్తు ఇవ్వకుండా కరెంటు షాక్ ఇవ్వడం చట్టం నిషేధించింది. సొంత బట్టలు వేసుకునే హక్కుంది. ఇవి జరిగితే ఫిర్యాదు మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు. ఉచిత న్యాయ సహాయం 15100.

ఏం తీసుకెళ్లాలి

అన్నిటికన్నా విలువైంది ఒక పేజీ కాగితం. మార్పు ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎన్ని గంటలు, ఏ మందు ఎన్నాళ్లు వాడి ఎందుకు ఆపారు, దేనికి పడలేదు. పాత చీటీలు పోతే మాత్రల ఖాళీ స్ట్రిప్పులైనా పట్టుకెళ్లండి. పసరు మందు, పొడులు కూడా చెప్పాలి. తాయెత్తు కట్టించారా, గుణదల కొండెక్కించారా అన్నది దాచనక్కర్లేదు, ఎవరూ తిట్టరు. దాస్తే చెడేవి వేరే ఉన్నాయి: గంజాయి, ఇంటి వంశంలో ఆత్మహత్య, లోలోపల మాట్లాడుకుంటున్న పెళ్లి సంబంధం. గంజాయి సంగతి తెలియకపోతే జబ్బు అంచనాయే తప్పుతుంది.

బ్యాగులో నాలుగు జతలు, ఎలాస్టిక్ ఉన్నవి. బొందు పైజామా, బెల్టు, చున్నీ, షూ లేసులు, బ్లేడు, పొడవాటి చార్జర్ వైరు తీసి పక్కన పెట్టేస్తారు. ఆవకాయ పంపాలంటే గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో కొంచెం. ఆధార్, ఇన్సూరెన్స్ కార్డు. మానసిక జబ్బుకు కూడా శరీర జబ్బుకిచ్చినట్టే బీమా ఇవ్వాలని ఇదే చట్టం చెబుతోంది, అయితే రిహాబిలిటేషన్ బస బిల్లు వస్తుందో లేదో చేరకముందే రాతలో అడగండి.

లోపల

మొదటి రోజు రక్తపరీక్షలు, ఈసీజీ, బరువు. తర్వాత రెండు మూడు రోజులు మనిషి ఎక్కువగా పడుకునే ఉంటాడు. ‘మత్తిచ్చి పడేశారు’ అని ఇంటివాళ్లు కంగారుపడేది ఇక్కడే. వారాలుగా లేని నిద్ర పట్టిస్తున్నారు, అదే మొదటి వైద్యం. కానీ పిలిస్తే పలకాలి, లేపితే తినాలి. మెడ ఒక పక్కకి లాగేసినా, నాలుక మందంగా తిరిగినా, కనుగుడ్లు పైకి పోయినా అది మందు ప్రభావం. నర్సుకు చెప్పండి, ఇంజెక్షన్ ఇస్తే నిమిషాల్లో సర్దుకుంటుంది. కన్నవాళ్లు చూసి హడలిపోయి, ఆ రాత్రే ఇంటికి తీసుకుపోవడం జరుగుతుంటుంది.

రాత్రి మాత్రల వేళ నర్సు నీళ్లు తాగించి, నోరు తెరిచి నాలుక ఎత్తమంటుంది. అవమానించడానికి కాదు. దవడ వెనక దాచి బాత్రూంలో ఉమ్మేయడం మామూలు, ఆ సంగతి తెలియక డాక్టరు డోసు పెంచుతారు.

డిప్రెషన్ మందు పట్టుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు. ఈసీటీ, అంటే మత్తిచ్చి చేసే కరెంటు వైద్యం, రాస్తే భయపడకండి. మత్తు డాక్టరు ఉంటారు, ఆరు గంటల ముందు నుంచి అన్నం ఉండదు, వారానికి రెండు మూడు చొప్పున ఆరు నుంచి పన్నెండు విడతలు. ఆ రోజుల జ్ఞాపకాలు కొంత మసకబారతాయి, ముందే చెప్పి ఉంచండి. కౌన్సెలింగులో ఏం మాట్లాడాడని సైకాలజిస్టును పీకకండి, ఆ గోప్యత వాడిది.

నాలుగో రోజో అయిదో రోజో ఫోన్ వస్తుంది: ‘బాగానే ఉన్నా, తీసుకెళ్లండి.’ డాక్టరుతో మాట్లాడకుండా సరే అనకండి, కుదరదనీ అనకండి. ‘రేపు వచ్చి డాక్టరుగారి ఎదురుగా ముగ్గురం మాట్లాడుకుందాం’ అని, వెళ్లండి. తప్పకుండా వెళ్లండి.

ఇంటికొచ్చాక

డిశ్చార్జ్ సమ్మరీలో జబ్బు పేరు, మందులు, డోసులు, మళ్లీ చూపించే తేదీ ఉండాలి. ఆ తేదీ వారంలోపు ఉంటే మంచిది, ఇంటికొచ్చిన తొలి వారాలే ప్రమాదకరం. మాత్రలు ఒకరి చేతిలోనే, వారానికి సరిపడానే ఉంచండి. తగ్గిందని ఆపితే తిరగబెడుతుంది. డిప్రెషన్‌కి కోలుకున్నాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు, సైకోసిస్‌కి (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు) మొదటిసారైతే ఏడాది రెండేళ్లు వాడాల్సి వస్తుంది. ‘పెళ్లి చేస్తే కుదురుకుంటాడు’ అనే పెద్దమ్మలకు తలూపి ఊరుకోండి. ఆడపిల్లకు వాల్‌ప్రోయేట్ అనే మందు రాసి ఉంటే మాత్రం పెళ్లి మాట రాకముందే డాక్టరును అడగండి, గర్భంలో బిడ్డకు మంచిది కాదు.

బైపోలార్ లాంటి జబ్బులకు ఇచ్చే లిథియం వాడేవాళ్లకు మన బెజవాడ మే నెలే అసలు పరీక్ష. చెమట పట్టి ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. ఉప్పు హఠాత్తుగా తగ్గించొద్దు, ఒళ్లునొప్పులకు ఐబూప్రొఫెన్ లాంటివి సొంతంగా వేయొద్దు. లెవెల్ పరీక్షకు రాత్రి మాత్ర వేసిన 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేయకముందే రక్తం ఇవ్వాలి. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనబడితే ఆ పూట మాత్ర వేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లి, లిథియం వాడుతున్నాడని క్యాజువాలిటీలో అన్నిటికన్నా ముందు చెప్పండి.