పాట తోడుగా – 4వ పాఠం: ఉన్నచోటి నుంచే మొదలయ్యే ప్లేలిస్ట్

మానసిక ఇబ్బందులు చూసినవాళ్లు పాటలతో ఒకరికొకరు తోడుగా ఉండటం (పీర్ సపోర్ట్) నేర్చుకునే కోర్సు ఇది. మొదటి మూడు పాఠాలు చేసినవాళ్ల దగ్గర ఈపాటికి రెండు ఉండాలి. ఒకటి మీ పాటల డైరీ, అంటే ఏ పాట విన్నాక మనసు తేలికపడింది, ఏది విన్నాక ఇంకా బరువెక్కింది అని రాసుకున్నది. రెండోది, మీతో పాటు ఇవన్నీ చేయడానికి ఒప్పుకున్న ఒక మనిషి. డైరీ సగంలో ఆగిపోయినా పర్లేదు గానీ మనిషి మాత్రం కావాలి, ఎందుకంటే ఇవాళ్టి పాఠం ఒక్కరే కూర్చుని చేసేది కాదు. కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టినా ఏం ఇబ్బంది లేదు.

ఇవాళ నేర్చుకునేది ఏంటంటే, ఎదుటి మనిషి బాగోలేనప్పుడు వాళ్లతో కూర్చుని మూడు నాలుగు పాటల వరస ఒకటి తయారుచేయడం. ఇంతేనా, పాటలు పంపడం ఎవరికి రాదు అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఫ్రెండ్ డల్‌గా ఉన్నాడని తెలియగానే మన చెయ్యి దానంతటదే ఏదో హుషారు పాట మీదకి పోతుంది, "ఇది విను, సెట్ అయిపోతావ్" అని పంపేస్తాం. డిప్రెషన్‌లో ఉన్నప్పుడు ఆ పాట ఎలా వినపడుతుందో అందులోంచి వచ్చినవాళ్లకి తెలుసు, పక్కింట్లో పెళ్లి జరుగుతున్నట్టు ఉంటుంది, సందడంతా వినపడుతూనే ఉంటుంది గానీ అందులో మనదేం ఉండదు. పైగా పంపినవాళ్లు బాధపడతారేమో అని "బావుంది" అని ఒక నవ్వు ఎమోజీ పెట్టే పని అదనం.

దీనికి విరుగుడు ఎప్పుడో చెప్పారు. 1940ల్లో అమెరికాలో ఐరా ఆల్ట్‌షులర్ అనే సైకియాట్రిస్ట్, మనిషి ఏ మూడ్‌లో ఉన్నాడో ముందు ఆ మూడ్‌కి సరిపోయే సంగీతం వినిపించి, అక్కడి నుంచి మెల్లగా మార్చుకుంటూ పోవాలి అన్నాడు. దీన్ని ఐసో ప్రిన్సిపుల్ అంటారు, మ్యూజిక్ థెరపీ చదివేవాళ్లకి ఇప్పటికీ నేర్పుతారు. బాధలో ఉన్నవాళ్ల దగ్గరకి బాధ ఉన్న పాటే ముందు వెళ్లాలి, చిరాగ్గా ఉన్నవాళ్ల దగ్గరకి కాస్త దడదడలాడే పాట. మెట్టు మెట్టుగా దిగడమో ఎక్కడమో ఆ తర్వాతి సంగతి.

మెయిన్ విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట. మనం చేసేది థెరపీ కాదు. మ్యూజిక్ థెరపీ వేరే వృత్తి, రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత గాయపడ్డ సైనికుల హాస్పిటల్స్‌లో వాయిద్యకారులు వాయించడం, దాంతో రోగుల్లో వచ్చిన మార్పు చూసి దీనికి శిక్షణ కావాలి అనుకోవడం, అలా పెరిగి 1950లో అమెరికాలో దానికో జాతీయ సంఘం కూడా ఏర్పడింది. డిప్రెషన్‌కి మ్యూజిక్ థెరపీ మీద 2017లో కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసి తేల్చే సంస్థ) వాళ్లు వేసిన సమీక్షలో, మామూలు ట్రీట్‌మెంట్‌కి ఇది కూడా తోడైతే ఒట్టి ట్రీట్‌మెంట్ కన్నా కొంతకాలం వరకు లక్షణాలు బాగా తగ్గాయని తేలింది. తోడైతే అన్నారు, బదులు అనలేదు, అదీ ట్రైనింగ్ ఉన్న థెరపిస్టులు చేసినదాని గురించి. కాబట్టి మీ పీర్, అంటే మీతో తోడుగా నడుస్తున్న మనిషి, ఎవరైనా "పాటలు వింటున్నా కదా, మాత్రలు ఆపేస్తా" అంటే, అది డాక్టర్‌తో తేల్చుకోవాల్సిన విషయం అని అక్కడికక్కడే చెప్పేయండి.

మరి మన పాత్ర ఏంటి అంటే, ఆ దారిలో నడిచిన ఇంకో మనిషిగా పక్కన కూర్చోవడం. డాక్టర్ దగ్గర దొరకనిది మన దగ్గర ఒకటి దొరుకుతుంది, టైం. ఒక పాట మొత్తం అయ్యేదాకా ఏమీ మాట్లాడకుండా పక్కన ఉండే టైం.

సరే, ఇక చేసే పద్ధతి. ముందు పాట గురించి అసలు ఎత్తకండి, "ఇప్పుడు లోపల ఎలా ఉంది" అని అడగండి, వచ్చిన జవాబుని సరిచేయకండి. "ఏమో" అన్నా అది జవాబే. తర్వాత "దానికి దగ్గరగా ఉండే పాట నీ దగ్గర ఏదైనా ఉందా" అని అడగాలి. పాట వాళ్లే ఎంచుకోవాలి, ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంటుంది అంటే ఇది గుర్తుంచుకోండి. మీకు నచ్చకపోయినా, మీ టేస్ట్‌కి మరీ నాసిరకంగా అనిపించినా మొహంలో కూడా చూపించకండి, ఎందుకంటే బాగోలేనప్పుడు మనిషి తన పాటని బయటపెట్టడమంటే తన మీద తీర్పు చెప్పమని మీ చేతిలో పెట్టినట్టే ఉంటుంది వాళ్లకి.

మొదటి పాట ఉన్న మూడ్‌ది. చివరి పాట ఎక్కడికి చేరాలో ఆ మూడ్‌ది, కానీ ఆ చేరాల్సిన చోటు "సంతోషం" అని పెట్టుకోవద్దు, చాలా దూరం అది. లేచి మొహం కడుక్కోగలిగేంత, ఒక ఫోన్ ఎత్తగలిగేంత, నిద్రపట్టేంత, అలాంటి చిన్నది ఏదైనా వాళ్లనే చెప్పమనండి. మధ్యలో ఒకటో రెండో పాటలు. అంతకంటే పొడుగు వద్దు, ఇరవై నిమిషాలు దాటితే ఓపిక ఉండదు.

మధ్య పాటలు ఎలా ఎంచాలో తోచకపోతే టెంపో, అంటే పాట వేగం, చూసుకోండి. పాటకి వేలితో తాళం కొడుతూ 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి 4తో గుణిస్తే నిమిషానికి ఎన్ని బీట్లో వస్తుంది. మొదటి పాట 60 దగ్గర ఉంటే తర్వాతది 70, ఆ తర్వాతది 80, అలా. గాభరాగా, గుండె దడగా ఉన్నవాళ్లకి రివర్స్‌లో, 120 దగ్గర మొదలుపెట్టి 100, 80, 65 అని దిగండి. ఇదేం కొలత పట్టుకుని చేసే వంటకం కాదు, టెంపో తక్కువున్నా గొంతు చించుకుని పాడే పాటలు ఉంటాయి, స్పీడ్‌గా ఉన్నా హాయిగా ఉండేవి ఉంటాయి, చివరికి వాళ్ల చెవి ఏమంటే అదే లెక్క. ఇంకోటి, తలలో ఆలోచనలు మరీ కిక్కిరిసి ఉన్నప్పుడు మాటలున్న పాటల కన్నా ఒట్టి వాయిద్యం నయం అనేవాళ్లు చాలామంది ఉంటారు, ఇంకో నాలుగు మాటలు పట్టే చోటు అప్పుడు తలలో ఉండదు.

ఇద్దరిని ఊహించుకుందాం, ఒకామె కోలుకుని కొన్నేళ్లయింది, ఇంకో అమ్మాయి ఇప్పుడిప్పుడే బయటికి వస్తోంది.

"ఎలా ఉంది లోపల?"

"ఏం లేదక్కా. ఖాళీ. ఏడుపు కూడా రావట్లేదు."

"ఆ ఖాళీకి దగ్గరగా ఉండేది ఏదైనా ఉందా నీ ఫోన్లో?"

చాలాసేపు ఫోన్ పైకీ కిందకీ జరుపుతుంది. అక్క కంగారుపడదు, తన ఫోన్ తీసి సజెస్ట్ చేయదు.

"మాటలున్నదేదీ వద్దక్కా. వీణ బిట్ ఒకటుంది, బాగా స్లో."

"పెట్టు."

అయిపోయాక అక్క "అబ్బ ఎంత బావుందో" అనదు. "దగ్గరగానే ఉందా?" అంటుంది.

"ఊఁ."

"ఇంకోసారి విందామా, పక్కదానికి పోదామా?"

"పోదాం."

రెండోది ఒక జోలపాట. అది వింటూ అమ్మాయి గోడకి జారబడి కూర్చుంటుంది, భుజాలు కాస్త దిగుతాయి. మూడోది మొదలైన కాసేపటికే తనే ఆపేస్తుంది. "ఇది వద్దక్కా, మరీ హుషారుగా ఉంది." సరే అని మళ్లీ జోలపాటకే వెళ్తారు, అక్కడితో ఆపేస్తారు. మూడో మెట్టు ఎక్కలేదు కదా ఫెయిలా అని అడుగుతారేమో, కాదు, "వద్దు" అని చెప్పగలిగింది చూడండి, ఖాళీగా ఉన్న మనిషికి ఒక ఇష్టం అయిష్టం తెలిసిందంటే ఆ పూటకి అదే చాలా పెద్ద కదలిక అని నా అభిప్రాయం. ఆ అక్క చేసిన పని ఏంటో గమనించారా, మొత్తం మీద నాలుగైదు ప్రశ్నలు, అవి కూడా పాట అర్థం గురించి కాదు. "నువ్వు ఈ పాట పెట్టావంటే నీకు మీ నాన్న గుర్తొచ్చాడన్నమాట" లాంటి విశ్లేషణలు పీర్స్ చేయకూడదు, చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు.

ఇప్పుడు జాగ్రత్తల గురించి, ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

బాధలో బాధ పాట అన్నాం కదా, అది మొదటి మెట్టు మాత్రమే, అక్కడే ఇల్లు కట్టుకుంటే ప్రమాదం. అదే పాట లూప్‌లో, అదే బాధ తిరగేసి మరగేసి తలుచుకోవడం. ఒక్కరే చేసినా కష్టమే, గుంపుగా చేస్తే ఇంకా కష్టం. దీన్ని గ్రూప్ రూమినేషన్ అని పేరుపెట్టి 2017లో గారిడో, ఈరోలా, మెక్‌ఫెరాన్ అనే ముగ్గురు ఒక స్టడీ చేశారు, బాధని తవ్వుకునే అలవాటున్నవాళ్లు కలిసి విషాద సంగీతం విని దాని గురించే మాట్లాడుకుంటూ కూర్చుంటే ఇంకా కిందకి పోయే రిస్క్ ఉందని అందులో చెప్పారు. మన లాంటి పీర్ గ్రూపులకి ఇది నేరుగా తగిలే విషయం. అందుకని ప్రతి పాట తర్వాత ఒకటే అడగండి, "తేలికయ్యిందా, బరువయ్యిందా, అలాగే ఉందా?" వరసగా రెండుసార్లు "బరువు" అని వస్తే సంగీతం ఆపేసి లేవండి, కిటికీ తెరవండి, కాసేపు నడవండి. బాధ పాటలు చెడ్డవి అని కాదు, ఏడ్చి తేలికపడేవాళ్లూ ఉంటారు, కానీ ఏడుపు తర్వాత ఊపిరి వదులవుతోందా బిగుస్తోందా అనేది పక్కనున్నవాళ్లకి కనబడుతుంది.

పక్కన ఎవరూ లేకపోయినా గొంతులు వినిపించే అనుభవం ఉన్నవాళ్లలో కొందరికి ఇయర్‌ఫోన్స్‌లో సంగీతం పెట్టుకుంటే ఆ గొంతులు వెనక్కి పోతాయి, వాళ్లు రోజూ వాడే ఉపాయం అది. ఇంకొందరికి పాటలోని మాటలు తమ గురించే అన్నట్టు అనిపించడం మొదలవుతుంది. ఏది ఎవరికి అనేది వాళ్లని అడిగితేనే తెలుస్తుంది. బైపోలార్ (మూడ్ మరీ పైకీ మరీ కిందకీ ఊగే జబ్బు) ఉన్న ఫ్రెండ్ మంచి ఊపు మీద ఉండి, నిద్ర తగ్గిపోయి, రాత్రి రెండింటికి మీకు ఇరవై పాటలు పంపుతుంటే ఆ ఊపుకి ఇంకో పాట జతచేయకండి, ఇక్కడ ఐసో గీసో ఏమీ వద్దు, నిద్ర గురించి అడగండి, వాళ్ల ట్రీట్‌మెంట్ టీంకి కబురు చెప్పమనండి. తాగుడు, డ్రగ్స్ మానుతున్నవాళ్లకి ఆ రోజుల్లో విన్న పాటలు మళ్లీ అదే కోరికని లేపొచ్చు, కాబట్టి "ఏ పాటలు వద్దు" అనే లిస్ట్ ముందే తీసుకోండి. అసలు ఎవరితోనైనా ఆ లిస్టుతోనే మొదలుపెట్టడం బెటర్.

పాట మధ్యలో ఎవరైనా ఒక్కసారిగా బిగుసుకుపోతే, చూపు ఎక్కడికో పోతే, పాత సంఘటన ఏదో తగిలి ఉండొచ్చు. వెంటనే ఆపండి. మెల్లగా పేరుతో పిలిచి, పాదాలు నేలకి ఆనించమని, గదిలో కనిపించే వస్తువుల పేర్లు చెప్పమని అడగండి. ఏమైందో చెప్పమని ఒత్తిడి చేయొద్దు.

ఎవరైనా చనిపోవాలని ఉంది అన్నా, అలాంటి ఛాయ ఉన్నా, ప్లేలిస్ట్ పక్కన పెట్టేయండి. సూటిగా అడగండి, "చనిపోవాలనే ఆలోచన వస్తోందా" అని. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఒంటరిగా వదలొద్దు, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వొద్దు, మీరున్నచోటి హెల్ప్‌లైన్‌కో ఎమర్జెన్సీకో ఫోన్ చేయండి, ఆ నంబర్లు ఈ పాఠం మొదలుపెట్టే ముందే ఫోన్లో సేవ్ చేసి ఉంచుకోండి.

వాల్యూం గురించి ఒక ముక్క, బాగోలేనప్పుడు ఇయర్‌ఫోన్స్‌లో సౌండ్ తెలియకుండానే పెంచేస్తూ పోతాం. వారానికి 40 గంటలు వినేవాళ్లయితే 80 డెసిబుల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, ఫోన్ సెట్టింగ్స్‌లో లిమిట్ పెట్టుకునే ఆప్షన్ ఉంటుంది చూడండి.

హోంవర్క్: మీ పార్ట్‌నర్‌తో రెండు వరసలు తయారుచేయండి, ఒకటి డల్‌గా ఉన్నప్పటికి, ఇంకోటి గాభరాగా ఉన్నప్పటికి. ఇవి బాగున్న రోజునే చేసిపెట్టుకోండి, బాగోలేని రోజున పాట వెతకడానికి కూడా ఓపిక ఉండదు. మీరు వాళ్లకి, వాళ్లు మీకు, ఇద్దరూ చేయాలి, ఒకరే ఎప్పుడూ హెల్ప్ చేసేవాళ్లుగా ఉండిపోతే అది పీర్ సపోర్ట్ అవ్వదు. "వద్దు" లిస్ట్ కూడా పక్కనే రాయండి. ప్రతి వరస విన్నాక తేలిక, బరువు, అలాగే అనే మూడింట్లో ఏదో ఒకటి తేదీతో డైరీలో రాసుకోండి.

5వ పాఠంలో వినడం ఆపి కూనిరాగం తీయడం, నలుగురితో కలిసి పాడటం మొదలుపెడతాం. గొంతు బాలేదు అని ఇప్పటినుంచే భయపడేవాళ్లు పెదాలు మూసుకుని ఒకే స్వరం మీద "మ్మ్మ్" అంటూ ఊపిరి మొత్తం మెల్లగా వదలడం ప్రాక్టీస్ చేసి రండి, తల తిరిగినట్టు ఉంటే ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకోండి. అందరికీ తెలిసిన, పైస్థాయికి పోని పాట ఒకటి కూడా ఆలోచించి పెట్టుకోండి.