అడవి కొండ వెన్నుపై స్క్రాంబ్లింగ్: పథకాన్ని దిగుదల నుంచి వేయండి

చెట్ల నీడన మామూలు నడకగా మొదలై, అడవి దాటాక ఇరువైపులా లోయ ఉన్న సన్నని రాతి వెన్నుపై చేతులతో కూడా పట్టుకుని ఎక్కవలసిన (దీన్నే స్క్రాంబ్లింగ్ అంటారు) మార్గానికి పథకాన్ని శిఖరం నుంచి కిందికి వేయాలి. ఎక్కేటప్పుడు పట్టు కళ్లెదుటే ఉంటుంది. దిగేటప్పుడు పాదం ఎక్కడ ఆనుతుందో చాలాసార్లు కనిపించదు. కాబట్టి తిరిగి దిగగలమన్న నమ్మకం లేని రాతిని, అవతలి వైపు సులువైన దారి ఉందని ముందే నిర్ధారించుకుంటే తప్ప, ఎక్కకూడదు.

పటంలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే సమోన్నత రేఖల వంపు పల్లం వైపు పొడుచుకు వస్తే అది కొండ వెన్ను, ఎత్తు వైపు పోతే అది వాగు లోయ. రేఖలు ఎంత దగ్గరగా ఉంటే వాలు అంత నిటారు. అయితే రేఖకూ రేఖకూ ఎత్తు తేడా 20 మీటర్లున్న పటంలో 10 మీటర్ల నిలువు బండ జాడ కూడా తెలియకపోవచ్చు. అందుకే ఉపగ్రహ చిత్రాలనూ, ఇటీవల ఎక్కినవారి వివరణలనూ కలిపి చూడాలి. కష్టస్థాయి అంకెలు ఏ పద్ధతివో కూడా గమనించాలి. బ్రిటన్‌లో స్క్రాంబ్లింగ్‌కు 1 నుంచి 3 వరకు స్థాయులుండగా, అమెరికా పద్ధతిలో 3వ తరగతి అంటేనే చేతులు వాడవలసిన రాయి, 4వ తరగతిలో చాలామంది తాడు కోరుకుంటారు.

అడవి భాగాన్ని తేలికగా తీసుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. పైకి వెళ్లేటప్పుడు చిన్న వెన్నులన్నీ పెద్ద వెన్నులో కలుస్తాయి కనుక దారి తప్పడం కష్టం. దిగేటప్పుడు అవే చీలిపోతాయి, చెట్ల మధ్య ఏది మనదో తెలియదు. ప్రతి చీలిక వద్ద వెనుదిరిగి చూసి, దిగవలసిన దిశను దిక్సూచితో రాసుకోవాలి, ఎందుకంటే దట్టమైన ఆకుల కింద జీపీఎస్ స్థానం కొంత పక్కకు జరగవచ్చు. తొందరలో అడ్డదారిగా కనిపించే వాగులోకి దిగితే అది నిలువు బండ అంచు వద్ద ఆగిపోయే ప్రమాదం ఉంది.

కాలం లెక్కకు స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం చాలు: గంటకు 5 కిలోమీటర్లు, దానిపై ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. 6 కిలోమీటర్ల దూరం, 900 మీటర్ల ఎత్తు ఉంటే 2 గంటల 42 నిమిషాలు. ఇది నడకకు సరిపోయే లెక్క మాత్రమే. రాతి భాగంలో ఒక్కొక్కరే కదలాలి కనుక బృందం పెరిగేకొద్దీ నిరీక్షణ పెరుగుతుంది, ఆ సమయాన్ని విడిగా ఉదారంగా కలపాలి. శిఖరం ఎంత చేరువలో ఉన్నా వెనుదిరగవలసిన గడియను ఇంటి వద్దే నిర్ణయించాలి.

వాతావరణం వల్ల ఆ గడియ కంటే ముందే వెనుదిరగవలసి రావచ్చు. కొండలపై ఉరుములు మధ్యాహ్నం తర్వాత ఎక్కువ కనుక, బహిరంగ వెన్నును ఉదయాన్నే ముగించేలా బయలుదేరాలి. నాచు పట్టిన బండ తడిస్తే సులువైన స్థాయి కూడా కఠినమవుతుంది. గాలి హోరు ఉంటే సన్నని వెన్నుపై నిలబడటమే కష్టం.

హెల్మెట్, గట్టి అడుగున్న బూట్లు, తల దీపం తప్పనిసరి. తాడు విషయంలో నా అభిప్రాయం కొంత కఠినం: దాన్ని రాతికి బిగించడం రానివారు ఒకరికొకరు కట్టుకుంటే, ఒకరి జారుడు అందరినీ లాగుతుంది.

చివరగా మార్గం, వెనుదిరిగే గడియ, ఏ సమయానికి కబురు అందకపోతే రక్షణ బృందాన్ని పిలవాలో రాసి, కొండ ఎక్కని ఒకరికి ఇచ్చి బయలుదేరాలి.