బ్యాలెన్స్ రీడింగ్ నిలవట్లేదా? ముందు స్టాటిక్ చూడండి

పైడిభీమవరం వైపు ఫార్మా ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలకి ఒక చిన్న మాట. బ్యాలెన్స్ (తూకం యంత్రం) మీద నాలుగో దశాంశం నిలవకుండా ఒకే దిక్కుకి జారిపోతుంటే క్యాలిబ్రేషన్ పోయిందని టెన్షన్ పడకండి, ముందు పొడిని చూడండి, స్పాచులా తగలకుండానే, తూకానికి పొడి పోసే ప్లాస్టిక్ బోటు గోడకి ఎగబాకి అతుక్కుంటోందంటే అది స్టాటిక్ (స్థిర విద్యుత్తు) పనే.

గాలిలో తేమ తగ్గితే స్టాటిక్ పెరుగుతుంది. సముద్రం పక్కనే ఉన్నాం, తేమకి కొదవేంటి అంటారు గానీ, రాత్రీపగలూ ఏసీ తిరిగే గదిలో, అందులోనూ డిసెంబరు, జనవరిలో, ఆ తేమ లోపల ఎక్కడుంటుంది? తేమ కొలిచే హైగ్రోమీటరు 40 శాతం కిందకి దిగితే ఈ గోల పెరుగుతుంది. 45 నుంచి 60 మధ్య ఉంచగలిగితే చాలావరకు తగ్గుతుంది, కాకపోతే తేమ పీల్చే మందైతే ముందు ఎస్‌వోపీ (ల్యాబు రాతపూర్వక పని పద్ధతి) చూసుకోండి.

ప్లాస్టిక్ బోటు బదులు అల్యూమినియంది వాడండి. బ్యాలెన్స్ గాజు తలుపుల్ని పొడి టిష్యూతో గట్టిగా రుద్దే అలవాటు చాలామందికి ఉంది, శుభ్రం సంగతి సరే గానీ ఆ రాపిడికే ఛార్జి ఎక్కుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ఏప్రాన్ కాటన్‌దే మేలు. ఛార్జిని పోగొట్టే అయొనైజర్ ఉంటే తూకానికి ముందు బోటుని కొన్ని సెకన్లు దాని ఎదుట ఉంచండి.

ఈ స్టాటిక్‌కే పాడయ్యే సర్క్యూట్ బోర్డులు విప్పేవాళ్లు రిస్ట్ స్ట్రాప్ (ఒంటి ఛార్జిని ఎర్త్‌కి పంపే మణికట్టు పట్టీ) కట్టుకోవాల్సిందే, అదీ లోపల 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉన్నదే, ఉత్త తీగ చేతికి చుట్టి ఎర్త్‌కి కలిపే తెలివితేటలు మాత్రం వద్దు బాబూ.