అద్దె పోర్షన్‌కి ఏ గీజర్? 3వ పాఠం: కిలోవాట్ వేరు, యూనిట్ వేరు

ఈసారి వైరింగ్ మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠం లెక్కలో చాలామంది ఒకే చోట బోల్తా పడ్డారు. "ఇన్‌స్టంట్ గీజర్ 3 కిలోవాట్లు, స్టోరేజ్ 2 కిలోవాట్లు. అంటే ఇన్‌స్టంట్‌కి బిల్లు ఒకటిన్నర రెట్లు" అని రాశారు. (ఇన్‌స్టంట్ అంటే అప్పటికప్పుడు కాచేది, స్టోరేజ్ అంటే ట్యాంకులో ముందే కాచి ఉంచేది.) కాదండీ! షాపువాళ్లు కూడా ఇదే మాట చెప్తుంటే ఒళ్లు మండుతుంది.

కిలోవాట్ అంటే గీజర్ కరెంటును ఎంత జోరుగా లాగుతుందీ అని. యూనిట్ అంటే మొత్తం ఎంత లాగిందీ అని. మీటరు తిరిగేది యూనిట్లకి. ఒక యూనిట్ కరెంటు 860 లీటర్ల నీళ్లను ఒక్క డిగ్రీ వేడెక్కిస్తుంది. డిసెంబర్‌లో హైదరాబాద్‌లో తెల్లారి ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలనుకోండి. స్నానానికి 40 కావాలి. 20 లీటర్ల బకెట్‌కి 20 ఇంటూ 20, మొత్తం 400. దాన్ని 860తో భాగిస్తే అర యూనిట్‌కి కాస్త తక్కువ. 2 కిలోవాట్లయినా అంతే, 3 అయినా అంతే. 2 అయితే 14 నిమిషాలు, 3 అయితే 9 నిమిషాలు పడుతుంది. తేడా టైములోనే.

అసలు తేడా ఇంకోచోట ఉంది. 15 లీటర్ల స్టోరేజ్‌ని 60 డిగ్రీలకు కాస్తే 0.7 యూనిట్ అవుతుంది. ఒక్క బకెట్ చాలనుకునే బ్యాచిలర్ మిగతా వేడి నీళ్లను అలాగే వదిలేసి ఆఫీసుకి పోతాడు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఆ వృథా ఉండదు.

మరి ఓనర్‌కేంటి? బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లే. మీకు వచ్చేది "నీళ్లు కాగట్లేదు" అనే ఫోన్. షవర్ నిమిషానికి 6 లీటర్లు వదిలితే 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ 7 డిగ్రీలే పెంచుతుంది. చలికాలంలో అవి చన్నీళ్లే. గీజర్ మీద రాసే "3 లీటర్లు" లోపలి ట్యాంకు సైజు, ధార కాదు. పైగా బోరు నీళ్లయితే నీళ్లు కాచే ఎలిమెంట్ మీద సుద్దలాంటి తెల్లటి పెచ్చు కడుతుంది.

నా పద్ధతి: బకెట్ స్నానం చేసే సింగిల్ రూమ్‌కి ఇన్‌స్టంట్, షవరున్న చోట 15 లీటర్ల స్టోరేజ్. గ్యాస్ గీజర్ మాత్రం బాత్రూంలో పెట్టనివ్వను. తలుపు మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా ప్రాణం తీస్తుంది.

ఇక వైరులో పారే కరెంటు, అంటే ఆంపియర్లు: 3 కిలోవాట్లకు 13. రెండు పోర్షన్ల గీజర్లు ఒకే లైన్ మీద ఉంటే 26. ఆ లైన్ వైరు అంత మోయగలగాలి.

అభ్యాసం: ప్రతి పోర్షన్‌లో పొద్దున 6 గంటలకు నీళ్ల వేడి థర్మామీటర్‌తో కొలవండి. షవర్ కింద బకెట్ నిండడానికి ఎంతసేపు పడుతుందో రాయండి. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆపేసే స్విచ్) మీదున్న అంకె, గీజర్ లైన్ వైరు సైజు ఎలక్ట్రీషియన్‌తో చూపించి రాయించండి. "పర్లేదు సార్, సరిపోద్ది" అంటే జవాబు కింద తీసుకోను.