గామా నైఫ్‌తో ఫిట్స్‌కు చికిత్స: వెళ్లేముందు, వెళ్లొచ్చాక

గామా నైఫ్ అంటే తల తెరవకుండా, కిరణాలను (రేడియేషన్) మెదడులో ఒకేచోట పడేలా చేసే చికిత్స. సరిపోయే మందులు రెండు, సరైన మోతాదులో, పూట తప్పకుండా వాడినా ఫిట్స్ ఆగకపోతేనే ఆపరేషన్ మాటైనా, రేడియేషన్ మాటైనా. మెదడులో బద్దెపురుగు తిత్తి వల్ల వచ్చే ఫిట్స్‌కు ముందు మందులే, రేడియేషన్ కాదు. అలాంటి తిత్తి ఉందో లేదో డాక్టర్ చూడాలి, అందుకే నల్లగొండలోనో పాలమూరులోనో తీయించిన పాత స్కాన్ ఫిల్ములన్నీ హైదరాబాద్‌కు పట్టుకెళ్లండి. ఫిట్స్ వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. ముందు ఏ చెయ్యి బిగుసుకుంది, తల ఎటు తిరిగింది, పెదాలు చప్పరించారా అన్నవి డాక్టర్‌కు చాలా పనికొస్తాయి.

దవాఖానలో కొన్ని రోజులు ఉంచి వీడియో ఈఈజీ (వీడియో తీస్తూ మెదడులోని కరెంటు తరంగాలను నమోదు చేసే పరీక్ష) తీస్తారు. అది చూపిన చోటూ, ఎమ్మారైలో మచ్చ ఉన్న చోటూ ఒకటే కావాలి. కణత వైపు మెదడు లోపలి భాగంలో హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలకు సంబంధించిన భాగం) కుంచించుకుపోయిన వాళ్లమీదే ఈ పద్ధతిని ఎక్కువగా పరీక్షించారు. 2018లో వెలువడిన రోజ్ ట్రయల్‌లో అలాంటి 58 మందిని ఆపరేషన్‌కు, రేడియేషన్‌కు రెండు గుంపులు చేశారు. మూడో ఏడాదిలో ఫిట్స్ లేనివాళ్లు ఆపరేషన్ గుంపులో 78 శాతం, రేడియేషన్ గుంపులో 52 శాతం. కాబట్టి ఆపరేషన్‌కు తట్టుకోగలిగితే అదే మేలు. మత్తు పడనివాళ్లకు, తల తెరవడానికి ఒప్పుకోనివాళ్లకు, హైపోథలామస్ (మెదడు అడుగున లోతుగా ఉండే భాగం) గడ్డలాగా కత్తి చేరడం కష్టమైన చోట జబ్బు ఉన్నవాళ్లకు రేడియేషన్ ఆలోచించాలి.

రేడియేషన్ ఇచ్చే రోజు పొద్దుటి గోలీలు మానొద్దు. తలకు నాలుగుచోట్ల మొద్దుబారే సూది వేసి మరలతో ఫ్రేమ్ బిగిస్తారు. ఎమ్మారై తీసి, లెక్క కట్టి, కోబాల్ట్ కిరణాలన్నీ ఒకేచోట కలిసేలా పెడతారు. రోజ్ ట్రయల్‌లో ఆ చోటి అంచుకు ఇచ్చిన మోతాదు 24 గ్రే (రేడియేషన్ కొలిచే ప్రమాణం). కిరణాలు పడేటప్పుడు నొప్పి ఉండదు.

అసలు కష్టం ఇంటికొచ్చాకే. ఫిట్స్ తగ్గడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. మధ్యలో కొన్నాళ్లు పెరగనూవచ్చు. "కరెంటు (రేడియేషన్) పెట్టించినం కదా" అని గోలీలు ఆపేస్తే ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొస్తుంది. బొంబాయి, పుణె పనికి పోయేవాళ్లు సరిపడా గోలీలు వెంట పెట్టుకోవాలి. బండి నడపడం, బావిలో ఈత, సాగర్ ఎడమ కాల్వలో స్నానం ఫిట్స్ ఆగేదాకా వద్దు.

తొమ్మిది నుంచి పదిహేను నెలల మధ్య, కొందరికి కాస్త అటూఇటూగా, కిరణాలు పడ్డచోట వాపు వస్తుంది. తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం దాని గుర్తులు. ఊళ్లో నొప్పి ఇంజెక్షన్ వేయించుకుని ఊరుకోకుండా ఎమ్మారైకి వెళ్లండి. వాపుకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. షుగర్ ఉంటే ముందే చెప్పాలి, ఎందుకంటే అది బాగా పెరుగుతుంది. ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు వాడుతున్నా చెప్పాలి: అది డెక్సామెథసోన్‌ను త్వరగా అరగదీసి, మోతాదు చాలకుండా చేస్తుంది. స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.