పాత కారు కొన్న కొత్తవారికి: బండి కింద దూరే ముందు

టెక్సాస్‌కు చదువుకోవడానికి వచ్చిన మన పిల్లల్లో చాలామంది ఏడాది తిరగకముందే నాలుగైదు వేల డాలర్లు పోగుచేసి పాత కరోలానో, సివిక్‌నో కొంటున్నారు. అందులో తప్పేమీ లేదు. డెంటన్‌లో గానీ ఆర్లింగ్టన్‌లో గానీ కారు లేకుండా బియ్యం బస్తా గదికి చేర్చడం ఎంత పనో, ఆగస్టు ఎండలో ఆ నడక ఎలా ఉంటుందో నా మొదటి నెలల్లో నేనూ అనుభవించాను. టైటిల్ (యాజమాన్య పత్రం) క్లీన్‌గా ఉందో లేదో చూసుకోవడం, 30 రోజుల్లోపు బండిని మీ పేరు మీదికి మార్పించుకోవడం వంటివి మీ సీనియర్లు ఈపాటికి చెప్పే ఉంటారు, కనుక వాటి జోలికి పోవడం లేదు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని బండిని ఇంటి దగ్గర మీ చేతులతోనే బాగుచేసుకోవాలనుకున్నప్పుడు ఏ పని ముందు చేయాలి, ఏది ఆగవచ్చు, ఏది ప్రాణం మీదికి తెస్తుంది అన్నంత వరకే చెబుతాను.

బండి ఇంటికి వచ్చిన రోజునే, పైసా ఖర్చు లేకుండా చేయవలసిన పని ఒకటుంది. డ్రైవరు వైపు ముందు అద్దం కింద కనిపించే 17 అక్షరాల విన్ నంబరును జాతీయ రహదారి భద్రతా సంస్థ అయిన ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వారి వెబ్‌సైటులో కొట్టి, రీకాల్, అంటే లోపమున్న భాగాన్ని సరిచేస్తామని కంపెనీ ఇచ్చిన పిలుపు, ఏదైనా మిగిలి ఉందేమో చూడండి. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ గురై పాడవుతుంది. అటువంటి బ్యాగు విచ్చుకునేటప్పుడు లోపలి లోహపు డబ్బా పగిలి ముక్కలు మనిషి మీదికే వస్తాయి. ఆ కారణంగా అమెరికాలో దాదాపు 6 కోట్ల 70 లక్షల బ్యాగులను వెనక్కి పిలిచారు. 2001 నుంచి 2003 వరకు వచ్చిన కొన్ని హోండా, అక్యూరా మోడళ్లనైతే బాగుచేయించేదాకా నడపనే వద్దన్నారు. బండి ఎన్ని చేతులు మారినా ఈ మరమ్మతుకు డీలరు డబ్బు తీసుకోడు. మనవాళ్లు మాత్రం ఇది వదిలేసి, ముందుగా టచ్ స్క్రీన్ స్టీరియోకూ సీటు కవర్లకూ ఆర్డరు పెడతారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మొన్న వేసవిలో మా అపార్టుమెంటు పార్కింగులో ఒక పాత కరోలా కింద నుంచి రెండు కాళ్లు మాత్రమే బయటికి కనిపించాయి. నోట్లో ఫోను పెట్టుకుని, దాని టార్చి వెలుతురులో ఆయిల్ బోల్టు విప్పుతున్నాడు ఒక కుర్రవాడు. 1,100 కిలోలకు పైబడిన ఆ కారును మోస్తున్నది డిక్కీలో స్టెప్నీతో పాటు వచ్చే కత్తెర జాకీ ఒక్కటే. ఎండకు మెత్తబడిన తారులోకి దాని అడుగుపట్టీ ఒక పక్కకు అప్పటికే దిగబడి ఉంది. బయటికి రమ్మంటే, "ఐదు నిమిషాల పనే అన్నా" అన్నాడు. జాకీ జారడానికి ఐదు నిమిషాలు అక్కరలేదు. అతను బయటికి వచ్చేదాకా నేను అక్కడి నుంచి కదలలేదు.

దయచేసి ఒకటికి రెండుసార్లు చదవండి: జాకీ ఉన్నది బండిని ఎత్తడానికి, ఎత్తి నిలపడానికి కాదు. కత్తెర జాకీని దారిలో చక్రం మార్చుకోవడం కోసమే ఇస్తారు. హైడ్రాలిక్ ఫ్లోర్ జాకీ దానికంటే గట్టిదే అయినా, లోపలి సీలు కారితే మీకు తెలియకుండానే మెల్లగా దిగిపోతుంది. బండి కింద తల పెట్టాలంటే దాని బరువు జాక్ స్టాండ్ల మీద, అంటే ఎత్తిన బండిని కదలకుండా మోసే ఇనుప కాళ్ల మీద, ఉండి తీరాలి. 3 టన్నుల జత ఖరీదు మీరు వారాంతంలో బిర్యానీకి పెట్టే ఖర్చుకు పెద్దగా మించదు. గ్యారేజ్ సేల్‌లో చవకగా దొరికాయని తెచ్చుకున్నవారు వాటి లేబుల్ మీది మోడల్ నంబరు చూసుకోవాలి. పిట్స్‌బర్గ్ పేరుతో హార్బర్ ఫ్రైట్ అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లలో లక్షలాదింటిని, ఎత్తును నిలిపే పళ్లచట్రం సరిగా పట్టుకోక జారవచ్చని 2020లో వెనక్కి పిలిచారు.

ఎత్తే పద్ధతిలో కూడా మనవాళ్లు ఒక చిక్కును గమనించరు. ఈ కరోలాలూ సివిక్‌లూ ముందు చక్రాలతో నడిచే బండ్లు కాబట్టి, గేరు పార్క్‌లో పెడితే అది ముందు చక్రాలను మాత్రమే పట్టుకుంటుంది. హ్యాండ్‌బ్రేకు పట్టుకునేది వెనుక చక్రాలను. అంటే ముందు భాగాన్ని గాలిలోకి ఎత్తిన క్షణం నుంచి పార్క్ గేరు పట్టు పనికిరాదు, వెనుక భాగాన్ని ఎత్తితే హ్యాండ్‌బ్రేకు పట్టు పనికిరాదు. ఏళ్లు గడిచిన బండిలో ఆ హ్యాండ్‌బ్రేకు తీగ ఎంత సాగి ఉందో ఎవరికి తెలుసు? కాబట్టి నేల మీద మిగిలిన రెండు చక్రాలకు అటూ ఇటూ గట్టి చెక్క దిమ్మెలు పెట్టకుండా జాకీ పిడి ముట్టుకోవద్దు. వాలు లేని కాంక్రీటు నేల చూసుకోండి. తారు తప్పకపోతే స్టాండ్ల కింద మందపాటి ప్లైవుడ్ ముక్కలు వేయండి. తలుపుల కింది అంచులో గంట్లు కొట్టి కంపెనీ గుర్తుపెట్టిన చోటనే ఎత్తాలి, స్టాండ్లు ఎక్కడ పెట్టాలో యజమాని పుస్తకంలో చూసుకోవాలి. స్టాండ్ల మీదికి దించిన తరువాత, బయటే నిలబడి బండిని భుజంతో బలంగా నెట్టి చూడండి. అప్పుడు కదిలితే పోయేది ఒక స్టాండు మాత్రమే. విప్పిన చక్రం ఏదైనా ఉంటే దాన్ని కూడా బండి అంచు కిందికి తోసి పెట్టండి. ఇవన్నీ పదిహేను నిమిషాల పని. ఆ ఓపిక లేనివారు చక్రాలతో ఎక్కించే ర్యాంపులైనా కొనుక్కోవాలి, లేదా ఆయిల్ మార్చే కొట్టుకు పోవాలి. మీ లీజులో పార్కింగులో మరమ్మతులు చేయరాదన్న షరతు ఉండే అవకాశమే ఎక్కువ. సొంత డ్రైవ్‌వే ఉన్న తెలిసినవారి ఇంటికి వెళ్లడం అన్ని విధాలా మేలు.

టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత వాహనాలకు ఏటా జరిగే భద్రతా తనిఖీని ఎత్తివేశారు. డబ్బు మిగిలిందని సంతోషించకండి; మీ బ్రేకులు ఎలా ఉన్నాయో చూసే నాథుడు ఇక మీరు తప్ప మరొకరు లేరు. చక్రం విప్పినప్పుడు బ్రేకు ప్యాడ్ మీది రాపిడి పదార్థం మందాన్ని చూడండి. 3 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చి ఉంటే, ఎడమ కుడి రెండు వైపులా కలిపి మార్చండి. ప్యాడ్లను నొక్కే కాలిపర్‌ను దాని బ్రేకు గొట్టానికి వేలాడదీయకుండా తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టాలి, పని ముగిశాక బండి కదిలించకముందే పెడల్ గట్టిపడే వరకు తొక్కాలి. టైరు పక్కగోడ మీది డాట్ (DOT) సంఖ్యలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 2314 అని ఉంటే 2014వ సంవత్సరం 23వ వారం. పైన గాడులు ఎంత నిగనిగలాడుతున్నా అంత పాత టైరుతో జూలైలో ఐ-35 హైవే ఎక్కడం తెలివైన పని కాదు.

ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టరు, గ్లవ్ బాక్సు వెనుక ఆకులతో నిండి ఉండే ఏసీ ఫిల్టరు మార్చడం గురించి వీడియోలు కొల్లలుగా ఉన్నాయి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తెరవవద్దని మీకు చెప్పవలసిన అవసరం ఉండకూడదు. ఇంజిన్ లోపలి కదలికలను వేళ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టు సంగతి మాత్రం అడిగి తెలుసుకోండి: 2003 నుంచి 2008 వరకు వచ్చిన కరోలాలో ఉన్నది చైను, 2001 నుంచి 2005 వరకు వచ్చిన సాధారణ సివిక్‌లో ఉన్నది గడువుకు మార్చవలసిన బెల్టు. ఎప్పుడు మార్చారో చెప్పే రసీదు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి, ఆ పని మాత్రం మెకానిక్‌కే అప్పగించాలి.

చెక్ ఇంజిన్ దీపం వెలిగితే గాభరా పడి గంటకు వంద డాలర్లు దాటే షెడ్డుకు పరుగెత్తవద్దు. 1996 తరువాత ఇక్కడ అమ్మిన ప్రతి కారులో, లోపమేమిటో చెప్పే కోడ్‌ను చదవడానికి ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది. ఇరవై డాలర్ల స్కానరుతో మీరే కోడ్ చదువుకోవచ్చు, ఆటోజోన్ వంటి విడిభాగాల దుకాణాల్లో ఊరికే చదివి పెడతారు. డిపాజిట్ కట్టించుకుని నట్లను కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచి వంటి పనిముట్లు అరువుకూ ఇస్తారు. కానీ కోడ్ చెరిపేస్తే జబ్బు నయమైనట్లు కాదు. డాలస్, టారంట్, కాలిన్, డెంటన్ వంటి కౌంటీలలో పొగ పరీక్ష ఇంకా ఉంది. చెరిపిన వెంటనే వెళితే బండి కంప్యూటర్ స్వీయ పరీక్షలు పూర్తికాలేదని వెనక్కి పంపుతారు.

ఇంత చదివాక కారే వద్దనిపిస్తుందేమో. అంత భయపడవలసినదేమీ లేదని ఒప్పుకోక తప్పదు. ఈ బండ్లు మొండివి, విడిభాగాలు చవక, ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, పానా పట్టుకోవడం రాని వారు కూడా ఒక చలికాలంలోపు బ్రేకులు మార్చే స్థాయికి వచ్చారు. పైన చెప్పిన ఆ కుర్రవాడే ఇప్పుడు తన బ్లాకులో అందరికీ ఆయిల్ మారుస్తున్నాడు, స్టాండ్లు కూడా కొనుక్కున్నాడు.

మొదటిసారి చేసేటప్పుడు శనివారం పొద్దున్నే, దుకాణాలు తెరిచి ఉండే వేళకు మొదలుపెట్టండి. ఏదో ఒక వాషరో బోల్టో తప్పక తక్కువ పడుతుంది, అది తేవడానికి మరో కారున్న స్నేహితుణ్ణి పక్కన ఉంచుకోండి. చక్రం నట్లను కరోలాకు 76, సివిక్‌కు 80 పౌండ్-ఫీట్ల వరకు, ఎదురెదురు వరుసలో బిగించండి. తీసిన పాత ఆయిల్‌ను చెత్తడబ్బాలో పోయకుండా మూత ఉన్న డబ్బాలో నింపి విడిభాగాల దుకాణంలో ఇస్తే ఊరికే తీసుకుంటారు.